విడిది, వృత్తి, ఒప్పందం: కళాకారుల రెసిడెన్సీ భాగస్వామ్యాలపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

తెలుగులో ‘వృత్తి’ అనే పదానికి రెండు ప్రధానార్థాలు ఉన్నాయి. మనిషి చేసే పని వృత్తి; ఆ పని సాగడానికి ఏర్పరచిన జీవనాధారమూ వృత్తియే. అగ్రహార దాన శాసనాలలో ఒక్కొక్క గ్రహీతకు దక్కిన భూమి వాటాను వృత్తి అనే పేర్కొన్నారు. నేటి వాడుకలో మొదటి అర్థమే మిగిలి, రెండవది దాదాపు మరుగునపడింది. కళాపోషణ విధానంలోనూ ఇదే జరిగింది. కళాకారుల పనిని కొనియాడటం పెరిగింది. ఆ పనికి ఆధారం కల్పించవలసిన బాధ్యత మరుగునపడింది.

కళాకారులను కొంతకాలం ఒకచోటికి ఆహ్వానించి వసతి, భోజనం, పనిచేసుకునే స్థలం కల్పించే ఏర్పాటును రెసిడెన్సీ అంటున్నారు. నిర్ణీత కాలానికి నగదుగా అందే సహాయం ఫెలోషిప్. నిధి ఉన్న సంస్థ, స్థలం ఉన్న సంస్థ కలిసి ఈ రెండింటినీ ఒక్కటిగా అందిస్తే అది రెసిడెన్సీ భాగస్వామ్యం. ఈ వ్యాసంలో రెసిడెన్సీకి ‘విడిది’ అనే మన మాటను వాడుతున్నాను.

ఇటువంటి భాగస్వామ్యాలను విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, ధర్మనిధులు కళాపోషణకు ఆదర్శరూపంగా ప్రశంసిస్తున్నాయి. ఆ ప్రశంసతో నేను ఏకీభవించలేను. నిధిదాతకు, ఆతిథ్య సంస్థకు మధ్య కుదిరే ఒప్పందంలో కళాకారులు ఒక పక్షంగా ఉండరు. ఆ ఒప్పందానికి విషయంగా మాత్రమే ఉంటారు. విడిది ఏర్పాట్లలో కనిపించే తక్కిన లోపాలలో అధికభాగం ఈ మూలలోపం నుండి పుట్టినవే. దీనిని సవరించనంతకాలం భాగస్వామ్యాలు సంస్థల ప్రతిష్ఠను పెంచుతాయి గాని కళాకారులకు వృత్తి కల్పించలేవు.

గది, ఆదాయం

నేటి విడిది భావనకు మూలరూపాలు అమెరికాలో కనిపిస్తాయి. సంగీతకర్త ఎడ్వర్డ్ మాక్‌డోవెల్, ఆయన భార్య మరియన్ 1907లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని పీటర్‌బరోలో నెలకొల్పిన స్థావరం ఇందులో ప్రసిద్ధం. అడవిలో విడివిడిగా కట్టిన కుటీరాలలో కళాకారులు పనిచేసుకుంటారు. మధ్యాహ్న భోజనాన్ని బుట్టలో పెట్టి గుమ్మం వద్ద ఉంచి వెళ్లడం అక్కడి ఆచారం. న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగా స్ప్రింగ్స్‌లో 1926 నుండి అతిథులను స్వీకరిస్తున్న యాడోది కూడా ఇదే పద్ధతి. ఏకాంతమే కళాకారులకు కావలసిన ప్రధాన వసతి అన్న నమ్మకం ఈ నిర్మాణానికి పునాది.

ఈ నమ్మకం కొందరి విషయంలో సత్యమే. కవి, నవలాకారుడు, చిత్రకారుడు ఏకాంతాన్ని కోరుకోవచ్చు. కాని ఏకాంతానికి ఒక ఖరీదు ఉంటుంది. కళాకారులు మూడు నెలలు ఇల్లు విడిచివస్తే ఆ మూడు నెలల ఇంటి అద్దె, పిల్లల చదువు, వృద్ధుల మందులు ఆగవు. కుటీరంలో భోజనం ఉచితమైనా ఇంటిలో పొయ్యి వెలగాలి. వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథంలో రచయిత్రికి సొంత గదితో పాటు ఏడాదికి 500 పౌండ్ల ఆదాయమూ కావాలని వాదించింది. తెలుగు విమర్శలో ఆ గది ప్రస్తావన తరచుగా వినిపిస్తుంది; 500 పౌండ్ల ప్రస్తావన అరుదుగా వినిపిస్తుంది. విడిది ఏర్పాట్ల రూపకర్తలూ వుల్ఫ్ వాదంలో సగాన్నే స్వీకరించారు.

ఇందువల్ల కలిగే నష్టం అందరికీ సమానంగా ఉండదు. నెలజీతం ఆగకుండా సెలవు దొరికే అధ్యాపక రచయితకు విడిది విశ్రాంతి. రోజుకూలి మానుకొని రావలసిన కళాకారునికి అది అప్పు. చంటిబిడ్డ తల్లి అయిన రచయిత్రికి అది దరఖాస్తు చేసుకునే వీలే లేని అవకాశం. నియమావళిలో ఎవరినీ నిషేధించనవసరం లేదు. ఇంటి ఖర్చును లెక్కలోకి తీసుకోకపోతే చాలు, ఎంపిక దానంతటదే జరిగిపోతుంది.

నిధి ఒకరిది, నేల ఒకరిది

నిధిని, స్థలాన్ని కలిపిన భాగస్వామ్యాలకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు చక్కని ఉదాహరణ. కలకత్తా కేంద్రంగా వ్యాపారం చేసి ధనం గడించిన చార్లెస్ వాలెస్ 1916లో మరణించాడు. ఆయన వీలునామా ద్వారా సంక్రమించిన సొమ్ముతో 1981లో ఈ ట్రస్టు ఏర్పడింది. స్టర్లింగ్, కెంట్ వంటి బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు ఆతిథ్యమివ్వగా, ట్రస్టు నిధులతో భారతీయ రచయితలు అక్కడ కొంతకాలం గడిపారు. ఆ ధనం వలసపాలన నాటి భారతదేశంలో గడించినది. ఆ సంగతి గుర్తున్నవారికి ఈ సహాయం కేవలం దానంగా తోచదు. కొంతమేరకు ప్రత్యర్పణగా తోస్తుంది. ఇక్కడ నగదు, నివాసం రెండూ ఉన్నాయి గనుక నిర్మాణపరంగా ఇది మాక్‌డోవెల్ పద్ధతికంటె మెరుగైనదని అంగీకరించాలి.

అయోవా విశ్వవిద్యాలయంలో పాల్ ఎంగెల్, హ్వాలింగ్ నియే 1967లో ప్రారంభించిన అంతర్జాతీయ రచయితల కార్యక్రమం ఇటువంటిదే మరొకటి. ప్రపంచం నలుమూలల నుండి రచయితలను పిలిచిన ఈ కార్యక్రమానికి అమెరికా విదేశాంగ శాఖ దీర్ఘకాలం నిధులిచ్చింది. 2025 తొలి నెలలలో ఆ శాఖ తన నిధులను రద్దు చేసింది. దశాబ్దాలపాటు సాగిన సహాయం ఒక ప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. నిధిదాతకు, ఆతిథ్య సంస్థకు మధ్య సంబంధం తెగినప్పుడు రచయితకు ఏ హక్కూ మిగలదు. ఆయన ఆ పత్రంలో సంతకం చేసినవాడు కాడు గనుక అడగడానికి ఆయనకు స్థానమే లేదు.

భాష విషయంలో మరొక అడ్డంకి ఉంది. అంతర్జాతీయ విడిదులకు దరఖాస్తు, ప్రణాళిక, రచనా నమూనా సాధారణంగా ఆంగ్లంలో ఉండాలి. తెలుగు రచయిత తన నమూనాను అనువదింపజేసుకోవాలి. అనువాదకుని పారితోషికం తానే భరించాలి. పరీక్షించేవారు చదివేది మూలాన్ని కాదు, అనువాదాన్ని. ఎంపికయ్యేది ఉత్తమ రచయిత కావచ్చు, ఉత్తమ అనువాదకుడు దొరికిన రచయిత కావచ్చు. ఆ రెంటి మధ్య తేడాను కనిపెట్టే సాధనం ఎంపిక సంఘం దగ్గర లేదు. బెంగళూరు సమీపంలోని నృత్యగ్రామ్‌లో రచయితలకు ఆతిథ్యమిచ్చిన సంగమ్ హౌస్ 2008 నుండి భారతీయ భాషా రచయితలకూ తలుపు తెరిచింది. కాబట్టి ఈ అడ్డంకి దాటరానిది కాదు.

మనదేశపు ఏర్పాట్లు

విదేశాలలో స్థలం ఇచ్చి నగదు మరచిన సందర్భాలుంటే, మనదేశంలో నగదు ఇచ్చి స్థలం మరచిన పద్ధతి కనిపిస్తుంది. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పథకం కింద సీనియర్ ఫెలోషిప్‌కు నెలకు 20,000 రూపాయలు, జూనియర్ ఫెలోషిప్‌కు 10,000 రూపాయలు రెండేళ్లపాటు ఇస్తారు. ఏడాదికి గరిష్ఠంగా 400 మందికి, అంటే రెండు తరగతులలోనూ 200 మంది చొప్పున, ఇచ్చే అవకాశం ఉంది. సీనియర్ ఫెలోకు మొత్తం 4,80,000 రూపాయలు అందుతాయి. ఆరునెలలకొక వాయిదాగా ఇచ్చే ఈ సొమ్ముకు కార్యప్రగతి నివేదికలు సమర్పించాలి. ఫెలోకు పనిచేసుకునే చోటు, సంప్రదించే గ్రంథాలయం, పని చూసి మాట్లాడే విద్యార్థులు ఈ ఏర్పాటులో భాగం కావు. అంతిమ నివేదిక మంత్రిత్వ శాఖకు చేరుతుంది. ఆ పని ఫలితాన్ని తెలుగు పాఠకులకు, ప్రేక్షకులకు చేర్చవలసిన సంస్థ ఏదీ ఉండదు.

అంతకంటె మౌలికమైన ప్రశ్న మరొకటి ఉంది. ఫెలోషిప్ వ్యక్తికి ఇస్తారు. మన ప్రదర్శన కళలలో అధికభాగం బృంద కళలు. బుర్రకథకు ముగ్గురు కావాలి. ఒగ్గుకథకు, చిందు యక్షగానానికి బృందం కావాలి. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆ ఊరిలో తోలును శుభ్రపరచడం నుండి రంగులద్దడం వరకు పనిని కుటుంబాలు పంచుకుంటాయి. ప్రదర్శనలు తగ్గిన కాలంలో తోలుతో దీపపు తొడుగులు చేసి అమ్ముకొని బతుకుతున్నాయి. అటువంటి ఇంటి నుండి ఒక్కరిని విడిదికి పిలిస్తే కళ రాదు, కళాకారుడు మాత్రమే వస్తాడు. బొమ్మను ఆడించేవారు వచ్చి, పాడేవారు, వాయించేవారు ఊరిలో ఉండిపోతే ఆ విడిదిలో జరిగేది వస్తుప్రదర్శన మాత్రమే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023లో ఉన్నత విద్యాసంస్థలలో కళాకారులను, చేతివృత్తులవారిని నివాస కళాకారులుగా నమోదు చేసుకోవడానికి మార్గదర్శకాలను రూపొందించింది. గురు, పరమగురు, పరమేష్ఠిగురు అని మూడు శ్రేణులను నిర్ణయించింది. పట్టభద్రులు కానివారిని గురుస్థానంలో నిలిపే ఈ యత్నం స్వాగతించదగినది. కాని శ్రేణీవిభజన చేసినంత శ్రద్ధగా వేతన బాధ్యతను నిర్ణయించకపోతే ఏ నమోదైనా పేర్ల పట్టికగానే మిగులుతుంది. బిరుదులు మనకు కొత్త కావు. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు శివారులో నిర్మాణపు పనిలో కూలిగా కనిపించిన వార్తను దేశమంతా చదివింది. గౌరవానికి, ఆధారానికి మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి ఇంతకంటె కొలమానం అవసరం లేదు.

మిరాశీ: ఒక పూర్వరూపం

విడిది మనకు పాశ్చాత్యుల నుండి వచ్చిన కొత్త భావన అనుకోవడం పొరపాటు. తెలంగాణలో ఆశ్రిత కులాల కళాబృందాలు పోషక కులాల గ్రామాలకు నిర్ణీత వ్యవధిలో వచ్చి, ఊరిలో బస చేసి, కథలు ప్రదర్శించే సంప్రదాయం ఉంది. మందహెచ్చులవారు యాదవులకు కాటమరాజు కథ, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం వినిపిస్తారు. పటం కథలకు కావలసిన పటాలను చేర్యాల నకాషీ చిత్రకారులు రచించారు. ఏ గ్రామాలలో ఏ బృందానికి హక్కు ఉన్నదో నిర్ణయమై ఉండేది. ఆ హక్కును మిరాశీ అన్నారు.

మిరాశీలో నేటి భాగస్వామ్యాలలో లేని లక్షణాలు మూడు ఉన్నాయి. మొదటిది, ఆహ్వానం మొత్తం బృందానికి అందేది. రెండవది, కళాకారులు వచ్చింది తమ భాష, తమ కథ తెలిసిన శ్రోతల వద్దకు. తమను తాము వివరించుకోవలసిన అగత్యం వారికి లేదు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: వారు పుచ్చుకున్నది భిక్ష కాదు, హక్కు. కొన్ని బృందాలు ఆ హక్కును తెలిపే రాగిరేకులను తరతరాలుగా భద్రపరచుకున్నాయి. రాగిరేకు చేతిలో ఉన్న కళాకారుడు ఒప్పందంలో ఒక పక్షం.

మిరాశీని పునరుద్ధరించాలని నేను వాదించడం లేదు. అది కులవ్యవస్థలో పుట్టి, ఆ వ్యవస్థనే బలపరచింది. పుట్టుకతో పోషకుడెవరో, ఆశ్రితుడెవరో నిర్ణయమయ్యే సంబంధాన్ని ఏ ప్రజాస్వామికవాదీ కోరుకోడు. ఆ బృందాలు భరించిన అవమానాలు జానపద పరిశోధకులకు తెలియనివి కావు. నేను అడిగేది ఒక్కటే: నిచ్చెనమెట్ల సమాజం సైతం తన కళాకారులకు రాతపూర్వకమైన హక్కును గుర్తించగలిగినప్పుడు, సమానత్వం పునాదిగా గల రాజ్యాంగం కింద నడిచే సంస్థలు ఆమాత్రం గుర్తించలేవా?

శాలువా సంస్కృతి

ఈ విమర్శ మన విభాగాలను వదిలిపెట్టదు. జానపద కళలపై సదస్సు అనగానే బృందాన్ని పిలిపించడం, అరగంట ప్రదర్శన ఇప్పించడం, శాలువా కప్పి జ్ఞాపిక చేతికివ్వడం మన పద్ధతి. ప్రదర్శన అంతా కెమెరాలో నమోదవుతుంది. ఆ నమోదు విభాగం సొత్తు అవుతుంది. దాని ఆధారంగా సిద్ధాంత వ్యాసాలు, పదోన్నతులకు పనికివచ్చే పత్రాలు పుడతాయి. కళాకారుని పేరు కృతజ్ఞతలలో ఒక పంక్తిగా మిగులుతుంది. ప్రయాణపు ఖర్చు సైతం ఆలస్యంగా అందిన సందర్భాలు ఈ రంగంలో పనిచేసేవారందరూ ఎరిగినవే.

విడిది పేరుతో ఇదే సంబంధం అరగంట నుండి మూడు నెలలకు సాగితే దోపిడీ కాలం పెరిగినట్లే గాని స్వభావం మారినట్లు కాదు. అతిథిగా వచ్చినవారితో తరగతులు చెప్పించుకోవడం, కార్యశాలలు నడిపించుకోవడం, పండుగలకు ప్రదర్శనలు ఇప్పించుకోవడం, దానికంతటికీ వసతి ఇచ్చాము గదా అని సమాధానం చెప్పడం ఆతిథ్యం కాదు. అది వేతనం లేని కొలువు.

ఆక్షేపణలు, సమాధానాలు

ప్రజాధనాన్ని ఖర్చు చేసేటప్పుడు ఫలితం అడగడం తప్పా అన్నది మొదటి ఆక్షేపణ. తప్పు కాదు. కాని కళలో ఫలితం నివేదికల రూపంలో రాదు. కాలానికి లెక్క అడగవచ్చు. ఏ మేరకు సాధన చేశారు, ఎవరికి నేర్పారు అని అడగవచ్చు. జవాబును తెలుగులో, మౌఖికంగా స్వీకరించవచ్చు. అక్షరాస్యత లేని కథకుని నుండి ఆరునెలలకొక నివేదిక కోరడం జవాబుదారీతనం కాదు. నివేదిక రాసిపెట్టే మధ్యవర్తికి బతుకుతెరువు కల్పించడం.

విశ్వవిద్యాలయాల వద్ద నిధులు లేవన్నది రెండవ ఆక్షేపణ. ఇది నిజమే గాని నిర్ణాయకం కాదు. కేంద్రం ఇచ్చే సీనియర్ ఫెలోషిప్‌లో వ్యక్తికి నెలకు 20,000 రూపాయలు ఇప్పటికే ఉన్నాయి. ఆ సొమ్ము ఇంటికి చేరనిచ్చి, వసతి, భోజనం, సాధన చేసుకునే చోటు, శ్రోతలను విశ్వవిద్యాలయం కల్పిస్తే రెండు అర్ధభాగాలు ఒకటవుతాయి. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం కూచిపూడిలో కళాపీఠాన్ని, రాజమహేంద్రవరంలో సాహిత్యపీఠాన్ని, వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞానపీఠాన్ని నెలకొల్పింది. రాష్ట్ర విభజన తరువాత ఉమ్మడి సంస్థల పంపకాలు చిక్కుల్లో పడ్డా, ఆ పీఠాల మూలభావన చెక్కుచెదరలేదు. ఏ కళను ఏ నేలలో ఉంచాలో గుర్తించిన ప్రణాళిక అది. విడిదికి దానికంటె మంచి పునాది తెలుగునాట లేదు.

కళాకారులు సంస్థల అండ లేకుండా తమ దారి తామే చూసుకోవాలన్నది మూడవ ఆక్షేపణ. దీనికి మద్రాసు సమీపంలోని చోళమండలాన్ని ఉదహరిస్తారు. 1966లో కె.సి.ఎస్. పణికర్ నాయకత్వంలో చిత్రకారులు, శిల్పులు చేతిపనుల అమ్మకం ద్వారా కూడబెట్టుకొని తమ నేలను తామే కొనుక్కున్నారు. అది గొప్ప ప్రయత్నమే. కాని చోళమండలం చెప్పే అసలు పాఠం స్వావలంబన ఒక్కటే కాదు. స్థలంపై హక్కు కళాకారులదైతే ఆ స్థలం నిలుస్తుందన్నది కూడా. ఈ ఉదాహరణ నా వాదాన్ని ఖండించదు, బలపరుస్తుంది.

ముగింపు

పై చర్చను బట్టి ఏ రెసిడెన్సీ భాగస్వామ్యాన్నైనా నాలుగు ప్రశ్నలతో పరీక్షించాలని ప్రతిపాదిస్తున్నాను. ఒప్పంద పత్రంపై కళాకారుల సంతకం ఉన్నదా? విడిదిలో భోజనానికి తోడు, వారు విడిచివచ్చిన ఇంటి ఖర్చుకు నగదు అందుతున్నదా? బృంద కళ అయితే పిలుపు బృందానికి వెళ్లిందా? దరఖాస్తు నుండి నివేదిక వరకు తెలుగులో పని జరుగుతున్నదా, నమోదైన ప్రదర్శనపై హక్కు ప్రదర్శించినవారికి మిగులుతున్నదా?

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి ‘లేదు’ అన్న జవాబు వచ్చినా ఆ ఏర్పాటును భాగస్వామ్యమని పిలవరాదు. అది ఇద్దరు ధనికులు పంచుకున్న కీర్తి. మన విభాగాలు తక్షణం చేయగలిగిన పని ఒకటుంది. రాబోయే సదస్సుకు ఏ బృందాన్ని పిలిచినా ముందుగా ఒక పుట ఒప్పందాన్ని తెలుగులో రాసి, చదివి వినిపించి, పారితోషికం మొత్తాన్ని, చెల్లించే తేదీని, నమోదుపై హక్కును అందులో పేర్కొని, ఒక ప్రతిని బృందానికి ఇవ్వాలి. దీనికి ఏ మంత్రిత్వ శాఖ అనుమతీ అక్కరలేదు, ఏ కొత్త పద్దూ అక్కరలేదు. పూర్వం రాగిరేకు చేసిన పనిని నేడు ఆ కాగితం చేయగలదు. కులం చేతిలో ఉండిన హక్కు పౌరుని చేతికి రావడానికి అది తొలి మెట్టు అవుతుంది.